పజుజు కాపలా: పారిస్ నుంచి అషూర్ దాకా

శనివారం, పారిస్

లూవ్ర్ మ్యూజియంలో జనమంతా మోనాలిసా కోసం ఒకవైపు పోతుంటే మేమిద్దరం రిషెలియూ భాగంలోకి తిరిగాం. నాతో మా చెల్లెలు ఉంది. హైదరాబాద్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, లేబర్ రూమ్ డ్యూటీ. ఇరాక్ వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ టెన్షన్ పడ్డారు, ఒక్కదానివే వద్దన్నారు. నేను ఏళ్లుగా చదువుకుంటున్నది అసీరియాలో, అంటే ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో ఒకప్పుడున్న రాజ్యంలో, పురిటి మంచానికి కాపలా కాసిన తాయెత్తుల గురించి. దానికి తనకన్నా సరైన తోడు ఎవరు దొరుకుతారు?

ముందు ఖోర్సాబాద్ ప్రాంగణం వస్తుంది. అసీరియా రాజు సర్గోన్ 2 కట్టించిన కోట ద్వారాల దగ్గర నిలబెట్టిన రెక్కల ఎద్దులు, మనిషి తలలతో, నాలుగు మీటర్లకు పైగా ఎత్తు. ఇవి కూడా కాపలా బొమ్మలే, కానీ రాజు కోసం చేసినవి. వీటితోపాటు తవ్వి తీసిన వాటిలో చాలా భాగం పారిస్ చేరనే లేదు. 1855లో పడవల మీద తీసుకొస్తుంటే ఇరాక్‌లోని ఖుర్నా దగ్గర దోపిడీ దొంగలు పడ్డారు, రెండు వందలకు పైగా పెట్టెలు నీళ్లలో మునిగిపోయాయి. ఆ ఎద్దుల్ని చూసి జనం ఆగి ఫోటోలు దిగుతారు. నేను వచ్చింది వీటికోసం కాదు.

నాకు కావలసింది 15 సెంటీమీటర్ల కంచు బొమ్మ, పజుజు అనే దయ్యానిది. అద్దానికి ముక్కు ఆనించి చూడాల్సినంత చిన్నది. కుక్కకీ సింహానికీ మధ్య ఏదో ముఖం, మిడిగుడ్లు, నాలుగు రెక్కలు, గద్ద గోళ్ల కాళ్లు, తేలు కొండి తోక. కుడి చెయ్యి పైకి, ఎడమ చెయ్యి కిందికి. నడినెత్తిన ఒక కొక్కెం. బొమ్మ మొత్తంలో నాకు ముఖ్యమైంది ఆ కొక్కెమే. అది ఉందంటే, గుడిలో పెట్టి పూజించడానికి చేసింది కాదు, ఎక్కడో వేలాడదీయడానికి చేసింది. రెక్కల వెనక క్యూనిఫాం అనే మేకుల్లాంటి అక్షరాల్లో తనే చెప్పుకుంటాడు: నేను పజుజుని, హన్బి కొడుకుని, చెడ్డ గాలి దయ్యాలకు రాజుని. గాలులకు ఎదురెళ్లి ఒక్కొక్కదాని రెక్కలు విరిచానని కూడా తన పేరు మీదున్న మంత్రంలో అంటాడు.

1973లో వచ్చిన ఒక హాలీవుడ్ దెయ్యం సినిమా పుణ్యమా అని ప్రపంచం ఇతన్ని చిన్నపిల్లను పట్టి పీడించే భూతంగా గుర్తుపెట్టుకుంది. నాకు దీని మీద నిజంగానే బాధ. అసీరియా ఆడవాళ్లు ఇతన్ని మెళ్లో వేసుకున్నది పిల్లల్ని పీడించేదాన్ని తరిమికొట్టడానికి. మంచివాడని కాదు. ఇతనూ దయ్యమే, ఇతను వీస్తే జ్వరాలూ కరువూ వస్తాయని భయపడేవాళ్లు. అయినా పిలిచారు. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా.

ఆ రెండో ముల్లు పేరు లమష్తు. ఆమె పక్కనే ఉన్న ఇంకో కంచు రేకు మీద ఉంది. రేకు ఎత్తు 14 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 9 లోపే. వెనకవైపు తిప్పితే మొత్తం పజుజు వీపు, రెక్కలు, తోక. రేకు పై అంచును రెండు చేతులా పట్టుకుని, తల మాత్రం ముందువైపుకు వంచి తొంగి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడు? ముందువైపు వరసలు వరసలుగా కథ చెక్కి ఉంది. పైన దేవుళ్ల గుర్తులు: నెలవంక, రెక్కల సూర్యుడు, నక్షత్రం, దీపం. వాటి కింద జంతువుల తలలతో ఏడుగురు కాపలా భూతాలు. ఆ కింద మంచం మీద రోగి, చెయ్యి పైకెత్తి. తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు, చేప తోలు కప్పుకున్న మునులు.

అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా పెద్ద వరస లమష్తుది. సింహం తల, గద్ద కాళ్లు, రెండు చేతుల్లో పాములు. ఒక రొమ్ము దగ్గర పందిపిల్ల, ఇంకో రొమ్ము దగ్గర కుక్కపిల్ల. గాడిద మీద మోకరిల్లి ఉంది, గాడిద పడవలో ఉంది, పడవ కింద నదిలో చేపలు కూడా చెక్కారు. ఆమెను వెళ్లగొడుతున్నారు. కానీ ఉత్త చేతులతో కాదు. పక్కనే ఆమెకిచ్చే సారె ఉంది: దువ్వెన, కదురు, పిన్నీసు, నూనె బుడ్డి, చెప్పులు ఇలా. దూరం పోవాలి, దారి ఖర్చులు ఇచ్చి పంపుతున్నారు.

మా చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ మంచం వైపు చూపించి, "పుట్టిన మొదటి వారమే గండం అక్కా, ఇప్పటికీ అంతే," అంది.

లమష్తు ఆకాశ దేవుడు అను కూతురు. బుద్ధి మంచిది కాదని తండ్రే పైనుంచి కిందికి తోసేశాడు. ప్రాచీన ఇరాక్ అయిన మెసొపొటేమియా నమ్మకంలో మిగతా దయ్యాలు మామూలుగా దేవుళ్లు పంపితేనే వస్తాయి. ఈమెను ఎవరూ పంపరు, తన ఇష్టంతోనే వస్తుంది. చూలాలి కడుపును ఏడుసార్లు తాకితే బిడ్డ పోతుంది. పుట్టినవాళ్ల దగ్గరికి పాలదాదిలా వస్తుంది: మీ కొడుకుల్ని ఇవ్వండి పాలిస్తాను, మీ కూతుళ్లను ఇవ్వండి ఒళ్లో పెట్టుకుంటాను అంటుంది. ఆ పాలు విషం.

తెలుగువాళ్లు ఎవరు చదివినా ఇక్కడ పూతన గుర్తురాక మానదు. ఆ రెండు కథలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు, దానికి ఆధారం చూపించలేను. పాలిచ్చే చేతినే అనుమానించాల్సి వచ్చిందంటే ఎంత మంది పసికందులు కళ్లముందే పోయి ఉండాలి అని మాత్రం అనిపిస్తుంది. నిన్న రాత్రి దాకా బాగా పాలు తాగిన బిడ్డ తెల్లారేసరికి లేదు. ఎవరో వచ్చి ఉండాలి.

సోమవారం, బాగ్దాద్

ఆదివారం అంతా విమానాల్లోనే గడిచింది. బాగ్దాద్‌లో దిగి, అబూ నువాస్ వీధిలో నిప్పుల పక్కన నిలబెట్టి కాల్చిన మస్గూఫ్ చేప తిని పడుకున్నాం.

ఇరాక్ మ్యూజియంలోకి అడుగుపెట్టినప్పుడు 2003 ఏప్రిల్ గుర్తుకు వచ్చి తీరుతుంది. యుద్ధం గందరగోళంలో ఇక్కడినుంచి దాదాపు 15,000 వస్తువులు దోచుకుపోయారు. కొన్ని వేలు తిరిగొచ్చాయి. పెద్ద రాతి విగ్రహాలు మోయలేక వదిలేశారు, జేబులో పట్టేవే ఎక్కువ పోయాయి. ముద్రలు, పూసలు, చిన్న చిన్న తాయెత్తులు దొంగతనానికి అనువుగా ఉంటాయి. మనిషి ఒంటి మీద ఉండాలని చేసినవి కాబట్టే అవి అంత చిన్నవి.

ఇక్కడ నన్ను కట్టిపడేసినవి మట్టి గిన్నెలు. అసీరియా పోయిన వెయ్యేళ్లకు పైగా గడిచాక, క్రీ.శ. 5, 6, 7 శతాబ్దాల్లో చేసినవి. మామూలు పెరుగు గిన్నెంత ఉంటాయి. లోపలి వైపు సిరాతో అరమాయిక్ భాషలో మంత్రం, గుండ్రంగా చుట్లు చుట్లుగా. నడుమ కొన్నిటిలో ఒక దయ్యం బొమ్మ, కాళ్లకు సంకెళ్లు. ఆ గిన్నెను బోర్లించి గడప కింద పాతిపెట్టేవాళ్లు, లోపలికి రాబోయిన దయ్యం అందులో చిక్కుకుపోవాలని. యూదులు, మాండాయీలు (ఇరాక్‌లోని ఒక పాత మతం వాళ్లు), క్రైస్తవులు, అందరి ఇళ్లలోనూ ఈ అలవాటు ఉండేది. ఇంట్లో పిల్లల్ని చంపే లిలిత్‌ను పంపించెయ్యడానికి కొన్ని గిన్నెల్లో ఏకంగా విడాకుల పత్రం రాశారు: ఇదిగో నీ విడాకులు, ఈ ఇంటితో నీకు ఇక సంబంధం లేదు, మళ్లీ రావద్దు. భార్యకు ఇచ్చే పత్రంలో ఉండే మాటలనే దయ్యానికి వాడారు. లిలిత్ వంశం పాతది. పజుజు తనను తాను రాజునని చెప్పుకున్నది ఆ గాలి దయ్యాల జాతికే.

రాజ్యాలు, మతాలు, లిపులు మారాయి. బాలింత గదిలో భయం మాత్రం మారలేదు.

బయట మా డ్రైవర్ కారులో అద్దానికి నీలం రంగు బిళ్ల వేలాడుతోంది, ఏడు కన్నాలతో. ఇక్కడ దీన్ని ఉమ్ సబా ఉయూన్ అంటారు, ఏడు కళ్ల తల్లి. ఇళ్ల గుమ్మాలకూ ఊయలలకూ కడతారు. మా చెల్లెలు తన ఆసుపత్రి సంగతి చెప్పింది. పసిపిల్లల మణికట్టుకు తల్లులు నల్లదారం కట్టి తెస్తారు, సూది పెట్టాలంటే విప్పాలి. "విప్పేటప్పుడు ఏమీ అనరక్కా, కానీ పని అయ్యాక మళ్లీ కట్టేదాకా మా చేతుల వంకే చూస్తుంటారు," అంది.

బుధవారం, మోసుల్

ఎర్బిల్‌లో ఉండి అక్కడినుంచి రోజూ వెళ్లిరావడం మేలని ఇక్కడివాళ్లు చెప్పారు. ఎర్బిల్ హోటల్ వంటగదిలో జగిత్యాల నుంచి వచ్చిన తమ్ముడొకడు పనిచేస్తున్నాడు. ఉత్తర తెలంగాణ నుంచి పనికోసం ఇటు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మా మాటలు విని, "అక్కా, మనోళ్లేనా?" అని బయటికొచ్చి, పొద్దున్నే పప్పు, అన్నం పెట్టి పంపించాడు. మోసుల్ పోతున్నామంటే జాగ్రత్త అని నాలుగుసార్లు చెప్పాడు.

మోసుల్‌కు సుమారు 80 కిలోమీటర్లు, చెక్‌పోస్టుల వల్ల రెండు గంటలు పట్టింది. పాత ఊళ్లో ఇంకా కూలిన ఇళ్లున్నాయి. 2017లో నేలమట్టమైన అల్ నూరీ మసీదు వంగిన మినారును మళ్లీ నిలబెట్టారు. టైగ్రిస్ నది దాటి తూర్పు వైపుకు వస్తే అసీరియా ఒకప్పటి రాజధాని నినెవె. ఊరి మధ్యలోనే పాత గోడలు, కూయూంజిక్ దిబ్బ. ఈ దిబ్బ కిందే అసీరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయం దొరికింది, 30,000కు పైగా మట్టి పలకలు, ముక్కలతో కలిపి. లమష్తును వెళ్లగొట్టే మంత్రాల పలకలు వాటిలో ఉన్నాయి. లమష్తు మట్టిబొమ్మ చేసి మూడు రోజులు రోగి తల దగ్గర పెట్టాలి, ఆమె ముందు తిండి పెట్టాలి, మూడో రోజు సాయంత్రం బయటికి తీసుకెళ్లి కత్తితో పొడిచి గోడ మూల పాతిపెట్టాలి. ఎవరైనా చదివి చేయగలిగేంత వివరంగా, వంట రాసినట్టే రాశారు.

దిబ్బ మీద గడ్డి, గొర్రెలు, ఒక పిల్లాడు. చూడ్డానికి ఇంకేం లేదు. కానీ ఇక్కడి రాజభవనంలో దొరికిన ఐదు మట్టి కుక్కల్ని నేను ఇంతకుముందు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో చూశాను. క్రీ.పూ. 645 ప్రాంతంలో చేసినవి. అరచేతిలో ఇమిడేంత, చేత్తో పిసికి చేసినవి, ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు. వరసగా ఉన్న తోకల వంపు చూస్తే చేసినవాడు కుక్కల్ని బాగా ఎరిగినవాడే అని తెలుస్తుంది. ప్రతిదాని పక్కటెముకల మీద పేరు రాశారు. ఒకటి "చెడును తరిమేది". ఒకటి "శత్రువును పట్టేది". ఒకటి "దాని అరుపు గట్టిది". ఇంకొకటి "పగవాణ్ని కరిచేది". నాకు బాగా నచ్చింది ఐదోది, "ఆలోచించకు, కరిచెయ్!"

వీటిని గుమ్మం పక్క నేల కింద పాతేవాళ్లు. ఎవరికీ కనిపించవు. ఎదుటివాళ్లకు చూపించుకోవడానికి కాదు, నిజంగా పనిచేస్తాయని నమ్మినందుకే పెట్టారు. ప్రపంచంలోకెల్లా పెద్ద సైన్యం ఉన్న రాజు కూడా గుమ్మం దగ్గర మట్టి కుక్కల్ని పాతించుకున్నాడు.

నెర్గల్ ద్వారం దగ్గర ఎద్దు విగ్రహాన్ని 2015లో ఐసిస్ వాళ్లు డ్రిల్లింగ్ మిషన్‌తో ముఖం మీద కొడుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ ద్వారం ముందు నిలబడి మా డ్రైవర్ తన ఊరి గురించి మాట్లాడాడు. అతని మాటలు ఇక్కడ రాయను, అవి అతనివి.

గురువారం, నిమ్రూద్

మోసుల్‌కు ఆగ్నేయంగా 30 కిలోమీటర్లు. దారంతా గోధుమ పొలాలు. అసీరియా రాజు అషుర్‌నసిర్‌పాల్ 2 కట్టించిన వాయవ్య భవనాన్ని 2015లో పేలుడు పదార్థాలతో పేల్చేశారు. 2016 నవంబరులో ఇరాక్ సైన్యం ఈ చోటును తిరిగి పట్టుకుంది. అప్పటినుంచి ఇరాక్ పురావస్తు శాఖ వాళ్లు రాతి ముక్కల్ని ఏరి, నంబర్లు వేసి, మళ్లీ జతపరుస్తున్నారు. ఒక షెడ్డు పక్కన ఈకలు చెక్కిన రాతి ముక్క చూశాను. రెక్క అంచు, మూడు ఈకలు, నాలుగో దానిలో సగం. ఏ ఎద్దుదో.

పైన ఉన్న పెద్ద కాపలాదార్లు ముక్కలయ్యారు. నేల కింద పాతినవాళ్లు చాలామంది భద్రంగా దొరికారు. 1950ల్లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ తవ్వినప్పుడు గదుల నేల కింద ఇటుకలతో చేసిన చిన్న పెట్టెలు బయటపడ్డాయి. లోపల చేప తోలు కప్పుకున్న మునుల మట్టి బొమ్మలు, బారులు తీరి. ఇంట్లో ఏ మూల ఏ బొమ్మ పాతాలో, ఎన్ని పాతాలో, మీద ఏం రాయాలో చెప్పే పలకలు కూడా ఉన్నాయి. చెడు అడుగు ఇంట్లో పడకుండా చేసే పూజ అది.

1988 నుంచి ఇరాకీ పురావస్తువేత్త ముజాహిమ్ మహమూద్ హుస్సేన్ ఇదే భవనం నేల కింద రాణుల సమాధులు కనిపెట్టాడు. నేల పలకలు సరిగ్గా లేవని అనుమానం వచ్చి తవ్విస్తే కింద సమాధి బయటపడింది. బంగారు కిరీటాలు, గాజులు, గిన్నెలు, కిలోల కొద్దీ బంగారం. యబా అనే రాణి సమాధిలో శాపం రాసి ఉంది: దీన్ని కదిలించినవాడి ఆత్మ దాహంతో తిరుగుగాక. 2003లో ఈ బంగారం బాగ్దాద్‌లో సెంట్రల్ బ్యాంక్ నేలమాళిగలో ఉంది, అక్కడ నీళ్లు నిండిపోయాయి. నీళ్లు తోడించి చూస్తే బంగారం క్షేమంగానే ఉంది.

ఈ సమాధుల్లో దొరికిన వాటిలో నాకు కిరీటాలకన్నా విలువైనది ఒక బంగారు పిన్నీసు. దాని మీద పజుజు తల ఉంది. ఇప్పటిదాకా కాలం చెప్పగలిగిన పజుజు ముఖాల్లో బాగా పాతవి ఇక్కడివే, క్రీ.పూ. 8వ శతాబ్దానివి. రాణి బట్టలకు పెట్టుకునే పిన్నీసుకు ఆ మిడిగుడ్ల ముఖం. కిరీటం సభ కోసం. పిన్నీసు పెట్టుకున్నది తన కోసం, బహుశా కడుపులో బిడ్డ కోసం. రాజు భార్యకైనా పురిటి భయం ఒకటే. లమష్తు కోట గోడలు చూసి వెనక్కి తిరగదు.

మా చెల్లెలు ఇక్కడే అడిగింది, "మరి పనిచేసిందా?" అని. నేను అనుకునేది చెప్పాను. జ్వరాన్ని ఆపి ఉండదు. కానీ ఒంటరిగా పడి ఉన్న ఆడమనిషి గదిలో ఒకడు మేలుకుని ఉన్నాడన్న ధైర్యం చిన్నది కాదు. తను ఒప్పుకోలేదు. లేబర్ రూమ్‌లో ధైర్యం మాత్రమే ఉంటే సరిపోదని, రక్తం ఆగకపోతే ఇంజెక్షనే కావాలని అంది. దారి పొడుగునా దీని మీదే మాట్లాడుకున్నాం. తనదీ నిజమే.

శనివారం, అషూర్

ఎర్బిల్ నుంచి బాగ్దాద్‌కు తిరిగి వెళ్తూ షర్కాత్ దగ్గర ఆగాం. టైగ్రిస్ ఒడ్డున ఎత్తయిన గట్టు మీద పాత రాజధాని అషూర్. టికెట్ కౌంటరు, బోర్డులు ఏమీ లేవు. కాపలా మనిషి ఇస్తికాన్ గ్లాసుల్లో చక్కెర దండిగా వేసిన టీ ఇచ్చి, వెంట నడిచాడు. గాలి విపరీతంగా ఉంది. ఇటుకల జిగ్గురాత్, అంటే మెట్లమెట్లుగా కట్టిన గుడి గోపురం, వాన దెబ్బకు కరిగి మట్టిగుట్టలా నిలబడింది. కింద నది ఆకుపచ్చగా.

నేను ఇంత దూరం వచ్చింది ఒక ఇంటి కోసం. 1903 నుంచి 1914 దాకా ఇక్కడ తవ్విన జర్మన్లకు ఒక మాంత్రిక కుటుంబం ఇల్లు దొరికింది. వాళ్ల వృత్తి పేరు ఆషిపు. వైద్యమూ మంత్రమూ రెండూ వాళ్ల చేతిలోనే. క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఆ ఇంట్లో కిసిర్ అషూర్ అనే ఆయన ఉండేవాడు, తాత తండ్రుల నుంచి వచ్చిన వృత్తి. ఇంట్లోంచి వందల కొద్దీ పలకలు వచ్చాయి: మందులు, మంత్రాలు, శాంతులు. వాటిలో చాలా వాటి చివర తన పేరు రాసుకున్నాడు, ఏ పని కోసం హడావిడిగా నకలు తీసుకున్నాడో కూడా కొన్నిచోట్ల రాశాడు. ఊళ్లోవాళ్లు బిడ్డకు జ్వరమొస్తే పరిగెత్తుకొచ్చేది ఈ ఇంటికే అయి ఉంటుంది.

ఆ ఇంటి నేల కింద కూడా కాపలా బొమ్మల పెట్టెలు దొరికాయి. ఊరందరికీ రక్ష కట్టేవాడు తన ఇంటికీ కట్టుకున్నాడు. చదివి చెప్పడమే కాకుండా నమ్మినవాడు. ఈ ఒక్క సంగతితో నాకు కిసిర్ అషూర్ మీద గౌరవం కలిగింది.

అషూర్ వాళ్లకు లమష్తు కొత్తేమీ కాదు. క్రీ.పూ. 19వ శతాబ్దంలోనే ఇక్కడి వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని ఇప్పటి టర్కీలోని కనేష్ దాకా పోయి అక్కడ స్థిరపడ్డారు. ఆ వ్యాపార ఉత్తరాల మధ్య లమష్తు మంత్రం ఉన్న పలక కూడా దొరికింది. పిల్లలున్నచోటికల్లా ఆ భయాన్నీ, దాని మంత్రాన్నీ వెంట తీసుకెళ్లారు.

ఇక్కడ దొరికిన ఇంకో పలక గురించీ చెప్పాలి. పైన కన్నం పెట్టిన చెవి ఉంటుంది, తాడు దూర్చి గోడకు వేలాడదీయడానికి. దాని మీద మహమ్మారి దేవుడు ఎర్రా కావ్యంలోని భాగం రాశారు. ఆ కావ్యం చివర ఎర్రాయే మాటిస్తాడు: ఈ పలక ఏ ఇంట్లో ఉందో, నేను కోపంతో ఊగిపోయినా ఆ ఇంటిని కత్తి తాకదు. కవిత్వాన్నే తాయెత్తుగా కట్టుకున్నారు. సాహిత్యాన్ని ఇంతకన్నా గట్టిగా నమ్మినవాళ్లు నాకు తెలీదు.

అయితే కిసిర్ అషూర్ దాకా పోలేనివాళ్ల మాటేమిటి? లమష్తు రక్షరేకులు అసీరియాలోనే కాదు, ఇటు ఇరాన్‌లో, అటు సిరియాలో కూడా దొరికాయి. వాటిలో కొన్నిటి వెనక మంత్రం శుద్ధంగా ఉంటుంది. లమష్తు ఏడు పేర్లూ వరసగా: అను కూతురు, వీధి దేవతల చెల్లెలు, తలలు చీల్చే కత్తి, నిప్పు రాజేసేది, అలా. కొన్నిటి మీద మాత్రం గీతలే. క్యూనిఫాంలా కనిపిస్తాయి, కానీ ఏ భాషలోనూ చదవలేం. చెక్కినవాడికి అక్షరం రాదు, కొన్న ఇల్లాలికీ రాదు. అక్కడ మంత్రం ఉండాలని మాత్రం ఇద్దరికీ తెలుసు. బొమ్మ కూడా మొరటుగా ఉంటుంది, గాడిదా పడవా గుర్తుపట్టడమే కష్టం. మ్యూజియాల్లో వీటిని మూలన పెడతారు. నన్నడిగితే ముందు వరసలో పెట్టాలి. పలకలన్నీ చదువుకున్న మగవాళ్లు రాసినవి, ఈ గీతల రేకులు మాత్రం పేరు లేని తల్లుల దగ్గరినుంచి నేరుగా వచ్చినవి.

క్రీ.పూ. 614లో ఇరాన్ వైపు నుంచి వచ్చిన మీడులు అషూర్‌ను తగలబెట్టారు. పలకలిప్పుడు బెర్లిన్‌లోనూ ఇస్తాంబుల్‌లోనూ ఉన్నాయి. ఇల్లు ఎక్కడుందని కాపలా మనిషిని అడిగితే, చేత్తో గాల్లో గీసి, అటువైపు అన్నాడు. జర్మన్ల కందకాలు వందేళ్ల మట్టితో పూడిపోయి, సన్నటి వాలుగా మాత్రమే తెలుస్తున్నాయి.

ఈ ఊరిని 2003లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ, అదే ఏడు ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోనూ చేర్చింది. కారణం దిగువన మఖూల్ దగ్గర కట్టాలనుకున్న డ్యామ్. అప్పుడు ఆగింది, 2021లో మళ్లీ మొదలుపెట్టారు. నీటి కరువు నిజమే, ఆ సంగతి కాపలా మనిషే ముందు చెప్పాడు. కానీ నీళ్లు ఈ గట్టు చుట్టూ నిలబడితే పచ్చి ఇటుక ఎన్నాళ్లు ఆగుతుంది? జర్మన్లు కందకాలు తవ్వింది ఊరిలో కొంత మేరే. మిగతా ఇళ్లు ఇంకా తవ్వనే లేదు. వాటి గడపల కింద కుక్కలు, మునులు, పజుజు తలలు, ఎవరూ చదవలేని గీతల రేకులు ఇంకా ఎన్ని ఉన్నాయో. ఆ డ్యామ్ కట్టకూడదని నేను గట్టిగా కోరుకుంటున్నాను.